ఆరడుగుల అక్వేరియానికి ఎల్ఈడీ లైటు: తక్కువ వెలుగు మొక్కల ట్యాంకుకు ఎంచుకునే పద్ధతి

ఆరడుగుల ట్యాంకు ఇంటికి రాగానే మొదలయ్యే టెన్షన్ లైటు గురించే. రెండడుగుల లోతు, వెనకాల పెద్ద కొయ్యమొద్దు, అడుగుదాకా వెలుగు దిగుతుందా అని. నేనూ అలాగే భయపడి, షాపులో ఉన్నవాటిలోకెల్లా ఎక్కువ వాట్ల లైటు మోసుకొచ్చాను. నెల తిరిగేసరికి అనూబియాస్ ఆకుల మీద గీకినా పోని పచ్చ చుక్కలు, జావా ఫెర్న్ అంచులకు నల్లటి కుచ్చుల పాచి. వారానికి రెండుసార్లు అద్దాలు తోమడంతోనే సరిపోయేది. ఇప్పుడు అదే ట్యాంకు మీద అందులో మూడో వంతు కరెంటు తినే రెండు పట్టీలు ఉన్నాయి, మొక్కలు అప్పటికంటే బాగున్నాయి.

పెద్ద ట్యాంకులో తక్కువ వెలుగు మొక్కలు పెంచేవాళ్లకు వెలుగు చాలకపోవడం అరుదు. నడిమధ్యన ఎక్కువైపోయి మూలలకు అందకపోవడమే అసలు తంటా. అందుకే కొనేది బలమైన లైటు కాదు, సమంగా పరుచుకునే లైటు, తగ్గించుకునే వీలున్న లైటు. దాన్ని ఎలా లెక్క కట్టాలో, ఎలా కొలవాలో వరుసగా చెబుతాను. ఉదాహరణకు 6 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు ట్యాంకునే తీసుకుంటాను. మీది నాలుగడుగులదో ఐదడుగులదో అయితే అంకెలు మార్చుకోండి, పద్ధతి అదే.

మొదట మొక్కలు, తర్వాతే లైటు

లైటు కొన్నాక దానికి తగ్గ మొక్కలు వెతుక్కోవడం తలకిందుల పద్ధతి. ముందు కాగితం మీద మొక్కల పేర్లు రాయండి.

అనూబియాస్ పశ్చిమ ఆఫ్రికా అడవి వాగుల మొక్క. జావా ఫెర్న్ ఆగ్నేయాసియాది. బుసెఫలాండ్రా బోర్నియో దీవిలో రాళ్లకు అతుక్కుని పెరుగుతుంది. క్రిప్టోకొరైన్ వెండ్టీ, పొట్టిగా క్రిప్ట్, శ్రీలంక నుంచి వచ్చింది. ఇవన్నీ పెద్ద చెట్ల నీడలో, వాగు గట్లన బతకడం నేర్చుకున్న మొక్కలు. వీటితో పాటు జావా మాస్, బోల్బిటిస్, వాలిస్నేరియా. ఈ వాలిస్నేరియా కొత్తదేమీ కాదు, మన చెరువుల్లో, కాలువల్లో పొడుగు రిబ్బన్లలా ఊగే గడ్డే. వెనక వరసకు దానికంటే చవకైనది, మొండిది ఇంకోటి లేదు.

ఎర్రటి రోటాలా, నేల మీద తివాచీలా పరుచుకునే మాంటే కార్లో లాంటివి మీ జాబితాలో ఉంటే ఇక్కడితో ఆగండి. వాటికి బలమైన వెలుగుతో పాటు సిలిండర్ పెట్టి కార్బన్ డయాక్సైడ్ ఇవ్వాలి. సిలిండర్ లేని ట్యాంకులో ఆ వాయువు లీటరుకు కొద్ది మిల్లీగ్రాములకు మించి ఉండదు. సిలిండర్ పెట్టినవాళ్లు దాన్ని 20 నుంచి 30 మిల్లీగ్రాముల దాకా తీసుకెళ్తారు. వెలుగు పెంచి వాయువు ఇవ్వకపోతే, పొయ్యి మంట పెంచి గిన్నెలో నీళ్లు పోయనట్టే. మొక్క వాడుకోలేని వెలుగును పాచి వాడుకుంటుంది. తక్కువ వెలుగు ట్యాంకు అంటే రాజీ పడ్డ ట్యాంకని అనుకోకండి. సిలిండర్ ఖర్చు లేకుండా, వారం వారం కత్తిరింపులు లేకుండా ఏళ్ల తరబడి నిలబడేది అదే.

ట్యాంకును లీటర్లలో కాదు, చదరంలో చూడండి

పాత లెక్క ఒకటుంది: గ్యాలనుకు ఇన్ని వాట్లు. అది లావు ట్యూబ్‌లైట్ల కాలం నాటిది. ఎల్ఈడీకి అది పనికిరాదు, ఎందుకంటే ఒకే వాటుకు ఒక లైటు ఇంకోదానికంటే రెట్టింపు వెలుగు ఇవ్వగలదు. తర్వాత వచ్చిన లెక్క లీటరుకు ఇన్ని ల్యూమెన్లు. తక్కువ వెలుగుకు లీటరుకు 10 నుంచి 20 అంటారు. చిన్న ట్యాంకులకు ఫరవాలేదు గానీ పెద్దవాటిలో ఇదే ముంచేది. మన 6-2-2 ట్యాంకు 24 ఘనపుటడుగులు, ఘనపుటడుగుకు 28.3 లీటర్లు, అంటే దాదాపు 680 లీటర్లు. లీటరుకు 20 చొప్పున లెక్కేస్తే 13,600 ల్యూమెన్లు వస్తుంది. అంత వెలుగు నేను పెట్టి చూశాను, పైన చెప్పిన పాచి దాని ఫలితమే.

మొక్క ఆకు మీద పడేది విస్తీర్ణం లెక్కన పడే వెలుగు. పొలానికి వాన సెంటీమీటర్లలో కొలిచినట్టు, మొక్కకు వెలుగు చదరపు మీటరు లెక్కన కొలవాలి. దీనికి వాడే కొలత పార్. 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య ఉన్న, కిరణజన్య సంయోగక్రియకు పనికొచ్చే కాంతి కణాలు ఒక చదరపు మీటరు మీద సెకనుకు ఎన్ని మైక్రోమోళ్లు పడుతున్నాయన్నది ఈ అంకె. తక్కువ వెలుగు మొక్కలకు ఇసుక మట్టం దగ్గర 15 నుంచి 30 ఉంటే చాలు. మిట్టమధ్యాహ్నపు ఎండ ఇదే కొలతలో 2000 దాకా ఉంటుంది. మనకు కావాల్సింది అందులో నూటికి ఒకటీ ఒకటిన్నర వంతు మాత్రమే.

ఇప్పుడు లెక్క. 1.83 మీటర్లు ఇంటూ 0.61 మీటర్లు, ట్యాంకు అడుగుభాగం వైశాల్యం 1.12 చదరపు మీటర్లు. గురి 25 పెట్టుకుందాం. 1.12 ఇంటూ 25, సెకనుకు 28 మైక్రోమోళ్లు అడుగుభాగానికి చేరాలి. లైటు నుంచి బయల్దేరినదంతా అడుగుకు చేరదు. కొంత పక్కలకు పోతుంది, కొంత మూత అద్దం తింటుంది, కొంత పైనున్న ఆకులూ కొయ్యలూ అడ్డుకుంటాయి. సగం పోతుందనుకుంటే లైటు నుంచి 56 రావాలి. తెల్ల ఎల్ఈడీలో ఒక మైక్రోమోల్‌కు సుమారు 68 ల్యూమెన్లు పెట్టుకోవచ్చు. అంటే 3,800, గుండుగుత్తగా 4,000 ల్యూమెన్లు. వాటుకు 100 ల్యూమెన్లు ఇచ్చే మామూలు నాణ్యత లైటైతే 40 వాట్లు.

అంతేనా అనిపిస్తుంది. అవును, అంతే. అయినా కొనేటప్పుడు 6,000 ల్యూమెన్లది కొని, డిమ్మర్‌తో మూడింట రెండు వంతుల దగ్గర వాడండి. ఎల్ఈడీ పూర్తి బలంతో నడవకపోతే వేడెక్కదు, ఎక్కువ కాలం వస్తుంది. మొక్కలు దట్టమయ్యాక పెంచుకునే వెసులుబాటూ ఉంటుంది. డిమ్మర్ పెట్టే వీల్లేని లైటు మాత్రం ఎంత చవకైనా పెద్ద ట్యాంకుకు వద్దు. దీనికి ఒక్కటే మినహాయింపు, ఆ సంగతి బ్యాటెన్ల (ట్యూబ్‌లైటులా పొడుగ్గా ఉండే ఎల్ఈడీల) దగ్గర చెబుతాను.

కరెంటు బిల్లు గురించి అడుగుతారు కాబట్టి: 40 వాట్లు, రోజుకు 8 గంటలు, అంటే రోజుకు 0.32 యూనిట్లు. నెలకు పది యూనిట్ల లోపే.

డబ్బా మీద రాసింది చదవడం

వాట్లు అన్న చోట "100 వాట్లకు సమానం" అని ఉంటే ఆ అంకెను వదిలేయండి. అసలు ఎంత కరెంటు లాగుతుందో చూడాలి. ప్లగ్గుకూ సాకెట్టుకూ మధ్య పెట్టే చిన్న పవర్ మీటరు దొరుకుతుంది. 60 వాట్లని రాసినది 35 దగ్గర ఆగిపోవడం దానితో కళ్లారా చూడొచ్చు.

ల్యూమెన్లు మనిషి కంటి కోసం పుట్టిన కొలత. మన కన్ను 555 నానోమీటర్ల పచ్చ రంగుకు అన్నిటికంటే ఎక్కువ స్పందిస్తుంది కాబట్టి ల్యూమెన్లలో పచ్చకు పెద్దపీట. తెల్ల ఎల్ఈడీలను ఒకదానితో ఒకటి పోల్చడానికి ఇది బాగానే పనిచేస్తుంది. ఎరుపు, పచ్చ, నీలం చిప్పులు విడివిడిగా ఉండే రంగుల లైట్లలో మాత్రం ల్యూమెన్లు తక్కువ కనిపిస్తాయి, పార్ మాత్రం అంతకంటే ఎక్కువే ఉంటుంది. ఆ రకం కొంటే తయారీదారు ఇచ్చిన పార్ చార్టు అడగండి. చార్టులో ఎంత లోతున కొలిచారో, నీళ్లలోనా గాలిలోనా అన్నది కూడా చూడాలి. లైటు కింద నడిమధ్యన ఒక్కచోట కొలిచిన అంకెను పెద్ద అక్షరాల్లో వేసుకోవడం మామూలే. మూలల అంకెలు కూడా ఇచ్చినవాళ్లను నమ్మండి.

కెల్విన్ అంటే వెలుగు రంగు. 6500 అంటే పగటి తెలుపు, ట్యాంకుల్లో ఎక్కువగా వాడేది అదే. 5000 నుంచి 7000 మధ్య ఏదైనా మొక్కలు పట్టించుకోవు, అది మీ కంటికి సంబంధించిన విషయం. 10,000 పైన ఉన్న నీలి లైట్లు ఉప్పునీటి పగడాల ట్యాంకులవి, వాటి జోలికి పోవద్దు. ఊదా రంగు గ్రో లైట్లూ వద్దు. మొక్క ఎరుపు, నీలాలనే తింటుంది, పచ్చను తినదు అనే మాట సగమే నిజం. పచ్చ వెలుగును కూడా ఆకు చాలావరకు వాడుకుంటుంది. ఊదా వెలుగులో మీ చేపలు, మొక్కలు నాటకం స్టేజీ మీద ఉన్నట్టుంటాయి, రెండు రోజులకే విసుగొస్తుంది.

సీఆర్ఐ అనే అంకె వస్తువుల రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెబుతుంది. మామూలు తెల్ల ఎల్ఈడీలు 80 దగ్గర ఉంటాయి. 90 ఉన్నది దొరికితే కాస్త ఎక్కువైనా పెట్టొచ్చు. నియాన్ టెట్రా చేప ఎరుపు, క్రిప్ట్ ఆకు గోధుమ రంగు అందులోనే తెలుస్తాయి. ఇది మొక్క కోసం కాదు, సోఫాలో కూర్చుని చూసే మీ కోసం.

50,000 గంటల ఆయుష్షు అని రాస్తారు. రోజుకు 8 గంటల చొప్పున అది 17 ఏళ్లు. చిప్పులకు ఆ ఓపిక ఉండొచ్చు గానీ, అంతకంటే చాలా ముందే డ్రైవర్, అంటే కరెంటును చిప్పులకు తగ్గట్టు మార్చి ఇచ్చే భాగం, పోతుంది. అందుకే డ్రైవర్ విడిగా ఉండి, మార్చుకునే వీలున్న లైటు మంచిది.

ఒక పిడకల వేట. తెల్ల ఎల్ఈడీ అంటే నీలి చిప్పు మీద పసుపు పూత. ఆ నీలి ఎల్ఈడీకి 2014లో నోబెల్ అందుకున్న ముగ్గురిలో ఒకరి పేరు హిరోషి అమానో. మొక్కల అక్వేరియాన్ని ప్రపంచమంతా కళగా చూసేలా చేసిన జపాన్ ఆయన పేరు తకాషి అమానో. ఇద్దరూ వేరు. కానీ మన హాబీ మొత్తం ఇద్దరు అమానోల చేతిలో ఉందని నేను సరదాగా అంటుంటాను.

ఏ రకం లైటు

నాలుగు దారులున్నాయి.

అక్వేరియం కోసమే చేసిన రెడీమేడ్ లైటు. డిమ్మర్, టైమరు, తడి నుంచి రక్షణ అన్నీ అందులోనే ఉంటాయి, చూడ్డానికీ బాగుంటుంది. ఆరడుగులకు ఒకే పొడుగు లైటు దొరకడం కష్టం. దొరికినా రవాణాలో విరిగే భయం. మూడడుగులవి రెండు పక్కపక్కన పెట్టడం మేలు. ఒకటి పాడైనా ట్యాంకు పూర్తిగా చీకటి కాదు.

మామూలు ఎల్ఈడీ బ్యాటెన్లు. కరెంటు సామాను షాపులో దొరికే నాలుగడుగుల 20 వాట్ల 6500 కెల్విన్ బ్యాటెన్ సుమారు 2,000 ల్యూమెన్లు ఇస్తుంది. రెండు పెడితే మన లెక్క 4,000 అక్కడికక్కడే సరిపోయింది. లెక్క ఇంత దగ్గరగా కుదిరింది కాబట్టే ఇక్కడ డిమ్మర్ లేకున్నా నెట్టుకురావచ్చు. ఎక్కువనిపిస్తే అంగుళం అంగుళం పైకి జరపడమే డిమ్మర్. ఆరడుగుల ట్యాంకు మీద రెండింటినీ ఒకదాని పక్కన ఒకటి సరిగ్గా పెట్టకండి. ఒకదాన్ని ఎడమ అంచుకు, ఇంకోదాన్ని కుడి అంచుకు జరపండి. మధ్య రెండడుగుల్లో రెండూ కలుస్తాయి, చెరో కొనకు ఒక్కోటి అందుతుంది. డబ్బు తక్కువున్నవాళ్లకు నేను చెప్పేది ఇదే. ఒక్కటే షరతు: ఇవి తడికి తట్టుకునేవి కావు, 230 వోల్టుల మీద నడుస్తాయి. మూత అద్దం లేకుండా, నీటికి అడుగు ఎత్తు కూడా లేకుండా వాడితే ప్రాణాలతో చెలగాటం. మూసి ఉన్న చెక్క హుడ్ లోపల అసలు పెట్టకూడదు, అక్కడ ఎప్పుడూ ఆవిరే.

12 లేదా 24 వోల్టుల ఎల్ఈడీ స్ట్రిప్పులను అల్యూమినియం చానల్‌లో అతికించి సొంతంగా చేసుకోవడం మూడోది. నేను చివరికి స్థిరపడింది దీని మీదే. పొడుగు మన ఇష్టం, చిన్న డిమ్మర్ చవకగా వస్తుంది, షాకు భయం తక్కువ. ఆరడుగులకు 12 వోల్టుల స్ట్రిప్పు వాడి ఒకే కొన నుంచి కరెంటు ఇస్తే రెండో కొన మందగిస్తుంది. 24 వోల్టులది తీసుకోండి, లేదా రెండు కొనల నుంచీ ఇవ్వండి. అల్యూమినియం లేకుండా చెక్కకు అతికిస్తే వేడి పోయే దారి లేక ఏడాదిలో చిప్పులు పసుపెక్కుతాయి. విద్యుత్ పని రాకపోతే ఎలక్ట్రీషియన్‌తో చేయించుకోండి.

నాలుగోది ఫ్లడ్ లైట్లు. వద్దంటాను. వెలుగంతా ఒక్కచోట గుమ్మరిస్తాయి. కొయ్యమొద్దు మీద అందమైన నీడలు కావాలనుకునేవాళ్లు ఒకటి చిన్నది పెట్టుకోవచ్చు, అంతే.

వెలుగు పరవడం

పెద్ద ట్యాంకులో మార్కులన్నీ దీనికే.

నీళ్లు వెలుగును మింగేస్తాయని అందరి భయం. శుభ్రమైన నీళ్లు రెండడుగుల్లో నీలాన్ని, పచ్చను దాదాపు ముట్టుకోవు. ఎరుపును కొంత తింటాయి, అది కూడా పెద్ద నష్టం కాదు. పైగా పక్క అద్దాలు మనకు సాయం చేస్తాయి. పై నుంచి నీళ్లలోకి దిగిన కిరణం లోపలికి వంగి, పక్క అద్దానికి ఏటవాలుగా తగులుతుంది. అలా తగిలినప్పుడు బయటికి పోకుండా అద్దంలోనే వెనక్కి తిరుగుతుంది. ట్యాంకు పక్క అద్దాల్లో మీ మొక్కల ప్రతిబింబం అద్దంలో చూసుకున్నట్టు కనిపించేది అందుకే. దాంతో లైటును ఆరు అంగుళాలు పైకెత్తినా అడుగున వెలుగు మనం భయపడినంత పడిపోదు. నీటి పైపొర దగ్గర మాత్రం బాగా తగ్గుతుంది. మనకు కావాల్సిందీ అదే, పైన తేలే ఆకులు మాడకూడదు, కింద అందాలి.

అందుకే వీలుంటే లైటును నీటికి 8 నుంచి 12 అంగుళాల ఎత్తున వేలాడదీయండి. సీలింగు నుంచి సన్నని స్టీలు తీగలతోనో, స్టాండుకు బిగించిన పైపుతోనో. ట్యాంకు మీదే పెట్టాల్సి వస్తే లెన్సులు లేని, 120 డిగ్రీల విస్తారం ఉన్నది ఎంచుకోండి. లెన్సులున్న 60 డిగ్రీల లైట్లు మూడడుగుల లోతు ట్యాంకులకు పుట్టినవి.

వెడల్పు రెండడుగులున్నప్పుడు ఒక్క పట్టీ చాలదు, ఎంత బలమైనదైనా సరే. రెండు పట్టీలు పెట్టండి. ఒకటి వెనక అద్దానికి ఆరంగుళాలు ఇవతల. ఇంకోటి ముందు అద్దానికి ఏడెనిమిది అంగుళాలు లోపల. ముందుదాన్ని ఇంకా వెనక్కి జరిపితే చేపలు నీడబొమ్మల్లా కనిపిస్తాయి, ఎందుకంటే మనవైపు ఉన్న పక్క మీద వెలుగు పడదు. మరీ ముందుకు జరిపితే ముందు అద్దానికి పాచి పడుతుంది. ఆ ఏడెనిమిది అంగుళాలు నేను జరిపీ జరిపీ తేల్చుకున్నవి. పెద్ద ట్యాంకుల్లో పైన అడ్డంగా ఉండే అద్దం పట్టీ, అదే బ్రేసింగ్, కింద నీడ వేస్తుంది. ఆ నీడలో మాస్ కట్టిన రాయి పెట్టేస్తే సరి.

మూత అద్దం ఎంత శుభ్రంగా ఉన్నా నూటికి ఎనిమిది వంతుల వెలుగు వెనక్కి కొడుతుంది. మన బోరు నీళ్ల తుంపర్లు ఎండి తెల్లటి పొర కడితే ఆ నష్టం ఇంకా పెరుగుతుంది. మొక్కలు డల్‌గా ఉన్నాయని లైటు పెంచే ముందు మూతను నిమ్మరసంతోనో వెనిగర్‌తోనో తుడిచి, కడిగి చూడండి.

నీళ్లలో బాదం ఆకులు, డ్రిఫ్ట్‌వుడ్ వేసి టీ రంగు తెప్పించేవాళ్లకు ఒక మాట. ఆ రంగు ముందు నీలాన్ని మింగుతుంది. 680 లీటర్లలో నాలుగు ఆకులైతే పట్టించుకోనక్కర్లేదు. నీళ్లు నిజంగా డికాషన్‌లా ఉంటే డిమ్మర్‌ను కాస్త పెంచాలి, లేదా అనూబియాస్‌ను కొయ్య పై కొమ్మలకు కట్టి వెలుగు దగ్గరికి తేవాలి. రెండోదే నాకిష్టం.

ఫోనుతో కొలవడం

పార్ మీటరు ఖరీదైనది, ఒక్క ట్యాంకు కోసం కొనక్కర్లేదు. లక్స్ మీటరు చవక. అదీ లేకపోతే ఆండ్రాయిడ్ ఫోనులో లక్స్ యాప్ వేసుకోండి. వెలుగు సెన్సర్ ముందు కెమెరా పక్కన ఉంటుంది. ఫోనుకూ ఫోనుకూ తేడా ఉంటుంది కాబట్టి అంకెను వేదవాక్కుగా తీసుకోవద్దు. ఒకే ఫోనుతో ఇక్కడా అక్కడా పోల్చడానికి మాత్రం అది చాలు.

ఈ పని నీళ్లు నింపకముందే చెయ్యాలి. రాత్రి గదిలో మిగతా లైట్లు ఆర్పేయండి. ఖాళీ ట్యాంకులో ఇసుక మీద ఫోను వెల్లకిలా పెట్టండి. పొడవునా ఐదు చోట్ల, వెడల్పున మూడు చోట్ల, మొత్తం పదిహేను అంకెలు కాగితం మీద గడులు గీసి రాసుకోండి. ఫోను పెట్టాక మీ చెయ్యి, తల అడ్డు రాకూడదు.

తెల్ల ఎల్ఈడీకి లక్స్‌ను 68తో భాగిస్తే సుమారుగా పార్ వస్తుంది. 15 నుంచి 30 అంటే 1,000 నుంచి 2,000 లక్స్. ఇప్పుడు కాగితం చూడండి. నడిమధ్యన 2,400, మూలలో 600 ఉంటే లైటు బలం సమస్య కాదు, వెలుగు సమంగా పరుచుకోకపోవడం సమస్య. పట్టీలను కొనలకు జరపండి, ఎత్తండి, మళ్లీ కొలవండి. మొక్కలు పెట్టే చోట్ల ఎక్కువ అంకె తక్కువ అంకెకు రెట్టింపు మించకపోతే చాలు. నీళ్లు నింపాక అంకెలు కొంత మారతాయి, కానీ ఏ మూల చీకటో ఏ చోటు వెలుగో అన్న బొమ్మ అదే ఉంటుంది. ఒకటి రెండు మూలలు కావాలనే చీకటిగా వదిలేయండి. భయపడే చేపలకు అది కావాలి, చూపుకూ లోతు వస్తుంది.

అదే కాగితం మీద పగలు కిటికీ వెలుగు ఎంతో కూడా రాయండి. పడమటి కిటికీ నుంచి సాయంత్రం గంటసేపు ఎండ ట్యాంకు మీద నేరుగా పడితే మీ లైటు లెక్కలన్నీ దాని ముందు దిగదుడుపే. నీళ్లు పచ్చబడితే మొదట అనుమానించాల్సింది ఆ కిటికీనే. కర్టెన్ కట్టండి.

కరెంటు, తడి

ఐపీ అనే అంకె చూడండి. ఐపీ20 అంటే తడికి ఏ రక్షణా లేదు. ఐపీ65 నీటి చిమ్ములను తట్టుకుంటుంది. ఐపీ67 ఒక మీటరు లోతులో అరగంట మునిగినా ఫరవాలేదు. నీటికి దగ్గరగా ఉండే లైటుకు కనీసం 65 ఉండాలి. డ్రైవర్‌ను ట్యాంకు పైన కాదు, పక్కన గోడకు ఎత్తుగా బిగించండి. ప్రతి వైరూ ప్లగ్గు దగ్గరికి వెళ్లేముందు ఉయ్యాలలా కిందికి వంగి పైకి వెళ్లాలి. వైరు వెంట జారిన నీటిబొట్టు ఆ వంపు దగ్గర కిందికి రాలిపోతుంది, సాకెట్లోకి పోదు. ఇంట్లో 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చు) లేకపోతే లైటు కంటే ముందు దాని మీద డబ్బు పెట్టండి. నీళ్లలో చెయ్యి పెట్టే ముందు అన్ని ప్లగ్గులూ తీయడం ఇంట్లో పిల్లలకు కూడా నేర్పండి.

ఇన్వర్టర్ ఉంటే దాని మీద లైటు పెట్టకండి, ఎయిర్ పంపు పెట్టండి. నాలుగు గంటలు చీకట్లో ఉన్నందుకు ఏ మొక్కా చావదు. మే నెలలో నీళ్లు 32 డిగ్రీలున్నప్పుడు గాలి ఆగితే చేపలు నిలవవు.

గంటలు

మొదటి నాలుగు వారాలు రోజుకు 6 గంటలు మాత్రమే. కొత్త ట్యాంకులో గోధుమ రంగు దుమ్ములాంటి పాచి వస్తుంది. దానంతటదే పోతుంది, కంగారు వద్దు. తర్వాత రెండు వారాలకోసారి అరగంట చొప్పున పెంచి 8 గంటల దగ్గర ఆపండి. సాయంత్రం ఇంటికొచ్చి చూసుకోవాలనుకుంటే మధ్యాహ్నం 2 నుంచి రాత్రి 10 దాకా పెట్టుకోవచ్చు. మొక్కకు గడియారంతో పని లేదు, రోజూ ఒకే వేళ కావడం ముఖ్యం. అందుకే టైమరు తప్పనిసరి. మరతో తిరిగే టైమరు కరెంటు పోయినంతసేపు ఆగిపోయి వెనకబడుతుంది. కోతలున్న ఊళ్లో బ్యాటరీ ఉన్న డిజిటల్ టైమరు తీసుకోండి.

ఒక్కసారిగా వెలిగితే చేపలు ఉలిక్కిపడి అద్దానికి కొట్టుకుంటాయి. మెల్లగా పెరిగే ఏర్పాటు లైటులో లేకపోతే, ట్యాంకు లైటు వెలగడానికి పావుగంట ముందు గది లైటు వేసి ఉంచండి. తొలకరి రోజుల్లో ఇంకో తమాషా. వాన వెలిసిన సాయంత్రం ఉసిళ్లన్నీ ట్యాంకు లైటు మీదికే వస్తాయి. మూత లేకపోతే చేపలకు ఆ రోజు పండగే, మీరు మాత్రం రెక్కలు ఏరుకోవాలి.

తర్వాత చూడాల్సింది

లైటు పెట్టాక మూడు వారాల దాకా డిమ్మర్ ముట్టుకోకండి. నాటిన వారంలోనే క్రిప్ట్ ఆకులు కరిగిపోయినట్టు ఊడొచ్చు. అది చోటు మారిన బెంగ, వెలుగు తక్కువై కాదు. వేరు అలాగే ఉంచితే కొత్త ఆకు వస్తుంది. జావా ఫెర్న్ ఆకు వెనక వరసగా నల్ల చుక్కలు కనిపిస్తే జబ్బు అనుకుని కోసేసిన మిత్రులున్నారు. అవి దాని సిద్ధబీజాల గుత్తులు, కొత్త మొక్కలకు మూలం. కొత్త ఆకులు పసుపుపచ్చగా వస్తే ఎక్కువసార్లు ఇనుము కొరతే, లైటు పెంచితే ఇంకా పాడవుతుంది.

నిజంగా వెలుగు చాలకపోతే కనిపించేవి వేరు. కాడ మొక్కల్లో ఆకుకూ ఆకుకూ మధ్య దూరం పెరిగి, కింది ఆకులు రాలిపోతాయి. వాలిస్నేరియా కొత్త పిలకలు వెయ్యడం మానేస్తుంది. అప్పుడు డిమ్మర్‌ను పదో వంతు పెంచి మళ్లీ మూడు వారాలు ఆగండి. ఎక్కువైతే మొదట చెప్పేది అనూబియాస్. దాని ముదురు ఆకుల మీద గట్టి పచ్చ చుక్కలు మొదలైతే పదో వంతు తగ్గించండి. తగ్గించడం ఇష్టం లేకపోతే నీటి మీద సాల్వినియానో, నాలుగు అంతరతామర మొక్కలనో వదలండి, అవే గొడుగు పడతాయి. నీటి పైభాగం మూడో వంతు నిండగానే మిగతావి తీసి పారేయాలి, లేకపోతే నెలలో నీళ్లు కనపడవు. తీసినవి చెరువులో మాత్రం పడేయకండి, గుర్రపుడెక్కతో మన చెరువులు పడ్డ పాట్లు చాలు.

డిమ్మర్ ఎక్కడ ఉందో, ఏ తేదీన మార్చారో ఒక చిన్న కాగితం మీద రాసి స్టాండు తలుపు లోపల అతికించండి. అనూబియాస్‌కు ఒక ఆకు రావడానికి రెండు మూడు వారాలు పడుతుంది, అన్నాళ్లు ఏ మార్పు చేశామో ఎవరికీ గుర్తుండదు.